దాదీమా అలమరలోని రంగు గ్లాసులు



ఈ నెల మేము తీసుకున్న ప్రశ్న చూడడానికి చాలా చిన్నది. నూజివీడు సమీపంలోని ఒక గ్రామం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె దాదీమా కొద్ది నెలల క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. దాదీమా విడిచివెళ్లిన ఆస్తిలో ఒక పెంకుటిల్లు, కొంత మామిడితోట, కొద్దిపాటి నగలు ఉన్నాయి. వాటితో పాటు చెక్క అలమరలో ఏడు గాజు గ్లాసులు ఉన్నాయి. రెండు ముదురు నీలం, మూడు ఎరుపు, రెండు ఆకుపచ్చ. అన్నీ చేతిపనివే. యాభై ఏళ్లలో ఒక్కొక్కటిగా సంపాదించి ఆమె దాచుకున్నవి. "నేను పోయాక ఇవి నీవే" అని మనవరాలితో పలుమార్లు, ఇంటిల్లిపాదీ వినేటట్లు ఆమె అన్నారు.

ఇప్పుడు ఆ సోదరి చాచా ఆ గ్లాసులను పాతసామాను కొనే ఒక వర్తకునికి అమ్మాలంటున్నారు. ఈ ఏడు తోట సరిగా కాయలేదు. ఆయనకు అప్పు ఉన్నది. వచ్చిన డబ్బు అందరం పంచుకుందామన్నది ఆయన మాట. "గ్లాసుల మీద కూడా వసియ్యతు ఏమిటి? అమ్మ ముద్దుకు అన్న మాట అది" అని ఆయన అంటున్నారు. ఇంట్లో మరొకరు, "అసలు ఇలాంటివి పోగుచేయడమే దుబారా, దీన్ తెలిసినవారు చేయవలసిన పని కాదు" అన్నారట. సోదరి అడిగినవి రెండు ప్రశ్నలు. ఆ గ్లాసులు ఎవరివి? దాదీమా చేసినది తప్పా?

మేము రెండవ ప్రశ్నతోనే మొదలుపెడతాము. వస్తువు ఎటువంటిదో తెలియకుండా దానిని దుబారా అనడం న్యాయం కాదు. దాని విలువ తెలియకుండా పంపకానికి కూర్చోవడమూ సరికాదు.

ఇసుక నుంచి గ్లాసు దాకా

తెలుగులో గాజు అన్న ఒక్క మాటే ఆ పదార్థానికీ, చేతికి తొడుక్కునే ఆభరణానికీ పేరు. గ్లాసు అన్న మాటను మాత్రం మనం పాత్రకు పెట్టుకున్నాము. స్టీలు గ్లాసు, ఇత్తడి గ్లాసు అనే దాకా వెళ్లాము. అందుకే ఇప్పుడు గాజు గ్లాసు అని విడదీసి చెప్పుకోవలసి వస్తున్నది.

గాజులో ప్రధానంగా ఉండేవి మూడు: ఇసుక, సోడా, సున్నం. ఇసుక ఒంటరిగా కరగడానికి విపరీతమైన వేడి కావాలి. సోడా కలిస్తే తక్కువ వేడికే కరుగుతుంది. అయితే ఇసుక, సోడా మాత్రమే కలిసిన గాజు నీటికి నిలవదు. సున్నం చేరినప్పుడే అది నీటికి తట్టుకుంటుంది. కొలిమిలో పాకంలా మారిన ఈ ముద్దను బోలు ఇనుప గొట్టం చివర చుట్టుకుని నోటితో ఊదుతారు. బుడగ ఉబ్బుతుంది. దానిని తిప్పుతూ, సాగదీస్తూ, అదుముతూ ఆకారం తెస్తారు. పిమ్మట అడుగున మరొక ఇనుప కడ్డీ అతికించి, ఊదిన గొట్టాన్ని వేరుచేసి, అంచును మళ్లీ వేడిచేసి నునుపు చేస్తారు. చివరగా గ్లాసును మరొక పొయ్యిలో ఉంచి మెల్లమెల్లగా చల్లారుస్తారు. ఈ ఆఖరి పనిలో తొందరపడితే లోపల బిగువు నిలిచిపోయి, ఎంత అందమైన గ్లాసైనా ఏదో ఒకనాడు తనంతట తానే పగులుతుంది.

రంగులు కూడా ఖనిజాల నుంచే వస్తాయి. కోబాల్టు చిటికెడు పడినా ముదురు నీలం వస్తుంది. ఇసుకలో సహజంగా ఉండే ఇనుము ఆకుపచ్చ ఛాయ ఇస్తుంది. మాంగనీసు ఊదా రంగునిస్తుంది. రాగి ఒక స్థితిలో నీలిపచ్చను, మరొక స్థితిలో ఎరుపును ఇస్తుంది. కెంపు వంటి ఎరుపు కొన్ని గ్లాసులలో అతి స్వల్ప ప్రమాణంలో కలిపిన బంగారం వల్ల వస్తుంది. 19వ శతాబ్దం చివరి నుంచి ఎరుపు కోసం సెలీనియం కూడా వాడసాగారు.

మన చరిత్రలో గాజు

గాజును గొట్టంతో ఊదే విద్య సుమారు రెండు వేల ఏళ్ల క్రితం సిరియా, పాలస్తీనా తీరప్రాంతంలో పుట్టింది. ముస్లిముల పాలనలో ఆ నేల మీద ఈ విద్య మరింత వికసించింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) వెండి, బంగారు పాత్రలలో తినడాన్ని, తాగడాన్ని నిషేధించారన్న సంగతి మన పిల్లలకు కూడా తెలిసినదే. గాజు, మెరుపు పింగాణీ పనివారి నైపుణ్యం ముస్లిం దేశాలలో అంత ఎత్తుకు ఎదగడానికి ఈ నిషేధం ఒక కారణమని కళాచరిత్రకారులు చెబుతారు. 13, 14 శతాబ్దాలలో సిరియా, ఈజిప్టు పనివారు గాజు మీద రంగుల మీనాపని, బంగారుపూత వేసి చేసిన మస్జిదు దీపాలు నేటికీ ప్రపంచ మ్యూజియంలలో ఉన్నాయి. వాటిలో చాలా దీపాల మీద సూరా నూర్‌లోని వెలుగు ఆయతు రాసి ఉంటుంది. గాజులో ఉన్న దీపం ఉపమానంగా వచ్చిన ఆయతు అది.

ఆ కాలపు తాగే గ్లాసు ఒకటి ఇంగ్లండు చేరింది. 14వ శతాబ్దంలో సిరియా లేక ఈజిప్టులో తయారైన ఆ మీనాపని గ్లాసు ఈడెన్‌హాల్ అనే చోట మస్‌గ్రేవ్ కుటుంబం దగ్గర తరతరాలుగా ఉండేది. ఆ గ్లాసు పగిలితే ఆ ఇంటి అదృష్టం పోతుందని అక్కడివారు ఒక కథ అల్లుకున్నారు. గ్లాసు పగలలేదు. ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చెక్కుచెదరకుండా ఉన్నది. కాని ఆ కుటుంబపు భవనాన్ని 1934లో కూల్చివేశారు. అదృష్టం గ్లాసులో ఉండదనడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అవసరం లేదు. ఆ గ్లాసు కోసం పూర్వమే ఎవరో గట్టి తోలు పెట్టె ఒకటి చేయించారు. ఆరు వందల ఏళ్లు దానిని కాపాడింది అల్లాహ్ అనుగ్రహం, ఆ పెట్టె, జాగ్రత్త తెలిసిన చేతులు.

ఈ విద్య అంతరించలేదు. పాలస్తీనాలోని అల్ ఖలీల్ పట్టణంలోనూ, అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లోనూ పాత సీసాలను కరిగించి నీలం, ఆకుపచ్చ గ్లాసులను నేటికీ నోటితో ఊది చేస్తున్నారు.

ఇక మన తెలుగు నేల సంగతి. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేట గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. కరిగిన గాజు ముద్దను సన్నని గొట్టంగా సాగదీసి, ముక్కలు చేసి పూసలుగా మార్చే బహుప్రాచీనమైన పద్ధతి అక్కడి పనివారి చేతుల్లో మొన్నమొన్నటి దాకా నిలిచింది. తాగే రంగు గ్లాసులు మాత్రం మన ఇళ్లకు ఎక్కువగా బయటి నుంచే వచ్చాయి. ఐరోపాలోని బొహీమియా కొలిముల రంగు గాజు 19వ శతాబ్దంలో ఓడల మీద మన దేశపు బజార్లకు ధారాళంగా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దిగుమతులు తగ్గినప్పుడు స్వదేశీ గాజు పరిశ్రమ పుంజుకున్నది. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ గాజుల ఊరుగా పేరుపొందింది. అక్కడి కొలిముల ముందు తరతరాలుగా నిలబడిన పనివారిలో మన సోదరులు చాలామంది ఉన్నారు. ఆ వేడిలో వారి ఊపిరి నిలిచిన వస్తువు మన బల్ల మీద ఉన్నదని తలచుకుంటే, గ్లాసును పట్టుకునే తీరే మారుతుంది.

సేకరణ గురించి మాట్లాడేటప్పుడు హైదరాబాదును విడిచిపెట్టలేము. సాలార్‌జంగ్ మ్యూజియంలో బొహీమియా, వెనిస్, ఫ్రాన్స్, ఇంగ్లండు గాజు సామగ్రితో పాటు మొగలాయి కాలపు గాజు హుక్కా కుండలు కూడా ఉన్నాయి. వాటిలో అధికభాగాన్ని కూర్చిన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1949లో మరణించారు. ఆయన వివాహం చేసుకోలేదు. 1951 డిసెంబరు 16న ఆ సేకరణ దివాన్ దేవ్డీలో ప్రజలకు మ్యూజియంగా తెరవబడింది. అనంతరం 1958లో వారసులు రాజీ ఒప్పందం ద్వారా దానిని ప్రభుత్వానికి అప్పగించారు. వారు పట్టుదలకు పోయి ఎవరికి దొరికినది వారు పట్టుకుపోయి ఉంటే, ఆ గాజు ఏ దేశపు ఏ బజారులో చెదిరిపోయేదో! వేల వస్తువులున్న దివాను ఇంటికైనా, ఏడు గ్లాసులున్న పెంకుటింటికైనా యజమాని కన్నుమూసిన మరునాడు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే.

చేతిపని గ్లాసును గుర్తించడం

చాలామంది తమ ఇంట్లో ఉన్నది ఏమిటో తెలియక పదికీ పరకకూ ఇచ్చివేస్తారు. మరికొందరు నిన్న మొన్నటి యంత్రపు సరుకును నవాబుల కాలపుదని నమ్మి వేలు పోస్తారు. ఈ రెండు నష్టాలనూ తప్పించే కొన్ని గుర్తులు చెబుతాము.

గ్లాసును తిరగవేసి అడుగు చూడండి. కడ్డీని విడదీసిన చోట గరుకైన మచ్చ ఉంటే అది చేతిపని అనడానికి బలమైన ఆనవాలు. మేలురకం గ్లాసులలో ఆ మచ్చను అరగదీసి నున్నని గుంటగా మలుస్తారు. లోపల అక్కడక్కడ చిన్న బుడగలు కనిపించవచ్చు. ఒకే జత గ్లాసులైనా ఎత్తులో, బరువులో కొద్ది తేడా ఉంటుంది. నిలువునా సన్నని అతుకుగీత ఉంటే అది అచ్చులో చేసినది. అయితే అచ్చులోకి నోటితో ఊదిన గ్లాసులు కూడా ఉన్నాయి. కనుక ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. వాడుకలో ఉన్న పాత గ్లాసు అడుగున గీతలు అన్ని దిక్కులా చెదిరి ఉంటాయి. పాతదిగా చూపడానికి రుద్దిన గీతలు తరచు ఒకే దిక్కుగా పోతాయి.

రంగు ఎక్కడ ఉన్నదో అంచు దగ్గర చూడండి. గాజు మొత్తం ఒకే రంగైతే అది పాకంలోనే కలిపినది. తెల్లని గాజు మీద పలుచని ఎర్రపొర ఉండి, పొరను కోసి పువ్వులు దిద్దితే అది బొహీమియా పద్ధతి. ఆ పద్ధతిని తరువాత ఇతరులూ అనుసరించారు. గోరు తగిలితే లేచే రంగు మాత్రం పైపూతే.

వర్తకుడు చెప్పే కథకు వెల కట్టకండి, వస్తువుకు కట్టండి. అలాగే మీరు అమ్మేవారైతే లోపాన్ని దాచకండి. అంచున పెచ్చు ఊడిన గ్లాసును అరగదీసి, ఎత్తు తగ్గించి, మచ్చలేనిదిగా అమ్మడం మోసమే. బజారులో ధాన్యపు రాశి అడుగున తడిని చేతితో కనుగొన్న దైవప్రవక్త (స), దానిని పైకి కనిపించేలా ఎందుకు ఉంచలేదని ఆ వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉన్నది. అది ధాన్యానికే పరిమితం కాదు.

సేకరణ ఎప్పుడు దుబారా అవుతుంది?

ఇప్పుడు సోదరి రెండవ ప్రశ్నకు జవాబు. గాజు పాత్ర వాడడం, దాచుకోవడం అనుమతించబడిన పనులే. అంచుకు బంగారుపూత ఉన్న గ్లాసుల గురించి కొందరు అడుగుతుంటారు. గాజు నుంచి విడదీయడానికి వీలులేని పూత అయితే అభ్యంతరం లేదని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. విడదీయగల బంగారం, వెండి తొడుగు ఉంటే సంగతి వేరు. ఆ గ్లాసును మీ ఊరి ఆలిమ్‌కు చూపించి అడగండి.

అనుమతి ఉన్న పని కూడా హద్దు దాటితే దుబారా అవుతుంది. అప్పు చేసి కొనడం, పిల్లల ఫీజు ఆపి కొనడం, పక్కింటివారి అలమరను మించాలని కొనడం, అతిథి వచ్చినప్పుడు గొప్పకు చూపించి దాహానికి మాత్రం అందించకపోవడం, ఇవన్నీ హద్దు దాటినవే. అమ్మి లాభం పొందాలనే ఉద్దేశంతో కొన్న గ్లాసులు వర్తక సరుకు కిందికి వస్తాయి. నిసాబు నిండితే ఏడాదికోసారి వాటి బజారు విలువ మీద నలభయ్యవ వంతు జకాతు చెల్లించాలి. ఇంటి వాడకానికి, దాచుకోవడానికి ఉన్న గ్లాసుల మీద జకాతు లేదు.

దాదీమా ఏమి చేశారో సోదరి ఉత్తరంలోనే ఉన్నది. కోళ్లు, గుడ్లు అమ్మిన తన సొంత డబ్బుతో, ఏడాదికో రెండేళ్లకో ఒకటి కొన్నారు. రమజానులో ఇఫ్తారు వేళ సబ్జా గింజల షర్బతు, వేసవిలో చిన్న రసాలు పిండిన రసం ఆ గ్లాసులలోనే పోసి ఇచ్చేవారు. తోటలో కాయలు కోయడానికి వచ్చిన కూలీలకు కూడా వాటిలోనే ఇచ్చేవారట. పగిలిపోతాయేమోనని కోడళ్లు హెచ్చరిస్తే, "దాహం వాళ్లది, గ్లాసు నాది, మీకేమి?" అనేవారట. ఇది దుబారా అనడానికి మాకు ధైర్యం చాలదు. ఒక వస్తువును ఎరిగి, దానితో పదిమంది దాహం తీర్చి, యాభై ఏళ్లు పదిలంగా ఉంచిన మనిషి ఆమె.

అభిమానించిన వస్తువును కాపాడుకోవడం మన పెద్దలలోనూ ఉన్నది. హజ్రత్ అనస్ (ర) దగ్గర దైవప్రవక్త (స) తాగిన చెక్క పాత్ర ఒకటి ఉండేది. అది చీలినప్పుడు వెండితో అతికించి ఉంచారని సహీహ్ బుఖారీలో ఉన్నది. దానికి ఉన్న ఇనుప కడియాన్ని తీసి బంగారమో వెండో పెట్టించాలని అనస్ (ర) తలచినప్పుడు, దైవప్రవక్త (స) ఉంచినదానిని మార్చవద్దని హజ్రత్ అబూ తల్హా (ర) వారించారు. ఆ పాత్రకు ఉన్న గౌరవం మరే పాత్రకూ లేదు, పోలిక తేవడం మా ఉద్దేశం కాదు. అయినా పాతవస్తువులు దాచేవారికి అందులో రెండు పాఠాలున్నాయి. పగిలినదానిని పారేయక బాగుచేసి వాడుకోవచ్చు. మెరుగు పేరుతో అసలును పోగొట్టకూడదు.

కాపాడుకునే తీరు

నూజివీడు వంటి ఉక్కపోత ప్రాంతంలో పాత గాజుకు తేమ పెద్ద శత్రువు. చెమ్మ తగిలి తగిలి గాజులోని సోడా పైకి ఊరుతుంది, గ్లాసు మసకబారుతుంది. ఆ మసక ఎంత కడిగినా పోదు. కాబట్టి మామిడికాయల బుట్టల్లో వేసే వరిగడ్డిని గ్లాసులు తరలించేటప్పుడు వాడుకోండి, కాని గడ్డిలోనే నెలల తరబడి వదలకండి. అది తేమను పట్టి ఉంచుతుంది. కడిగి, మెత్తని నూలుగుడ్డతో తుడిచి, గాలి ఆడే అలమరలో నిటారుగా ఉంచండి. ఉప్పునీటి వల్ల పేరుకున్న తెల్లని మరక మాత్రమే అయితే కొద్దిగా నిమ్మరసం కలిపిన నీటితో పోతుంది. పూత ఉన్న గ్లాసుకు ఆ నీరు తగలనీయకండి.

ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టకండి. ఇరుక్కుంటే బలంగా లాగవద్దు. లోపలి గ్లాసులో చల్లని నీరు పోసి, బయటి గ్లాసును గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే మెల్లగా వదులుతుంది. మరిగే చాయ్ వీటిలో పోయకండి. మందపాటి గ్లాసు గట్టిదనుకుంటాము గాని వేడికి మందపాటిదే ముందు పగులుతుంది. లోపలి భాగం వ్యాకోచించినంత వేగంగా బయటి భాగం వ్యాకోచించలేదు గనుక.

ఆరోగ్యం గురించి రెండు మాటలు. బరువుగా ఉండి, మీటితే గంటలా మోగే కొన్ని గ్లాసులలో సీసపు ఖనిజం కలిసి ఉంటుంది. మామిడి రసం, నిమ్మరసం వంటి పుల్లనివాటిని అందులో నిలవ ఉంచకూడదు, పిల్లలకు రోజూ వాటిలో ఇవ్వకూడదు. పసుపు కలిసిన ఆకుపచ్చ గ్లాసులలో కొన్నింటికి 1830ల నుంచి యురేనియం వాడారు. దొంగనోట్లను పట్టే ఊదాకాంతి దీపం కింద అవి ఆకుపచ్చగా వెలుగుతాయి. అలా వెలిగితే చూడడానికి ఉంచుకోండి, తాగడానికి వాడకండి. సోదరి తన రెండు ఆకుపచ్చ గ్లాసులనూ ఈ విధంగా పరీక్షించుకోవాలి.

ఇంతకీ ఎవరివి?

ఇక మొదటి ప్రశ్న. మనిషి మరణించినప్పుడు విడిచిన ప్రతి వస్తువూ, అది కొంచెమైనా ఎక్కువైనా, వారసత్వంలోకి వస్తుందని సూరా నిసా బోధిస్తున్నది. గ్లాసులు చిన్నవని ధర్మశాస్త్రం వాటిని వదిలివేయదు. ఆస్తి నుంచి మొదట కఫను దఫను ఖర్చు, తరువాత మరణించినవారి అప్పులు, ఆపై మూడవ వంతుకు మించకుండా వసియ్యతు, మిగిలినది వారసులకు. ఇదే వరుస.

ఈ ఇంట్లో భర్త, తల్లిదండ్రులు ముందే గతించారు. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె వారసులు. ఆస్తి ఐదు భాగాలు: కుమారులకు రెండేసి, కుమార్తెకు ఒకటి. కుమారులు ఉన్నందున మనవరాలు వారసురాలు కాదు. ఇక్కడే చాలామంది పొరబడి, వారసురాలు కాదు గనుక ఆమెకు ఏమీ రాదంటారు. నిజానికి వారసురాలు కాకపోవడం వల్లనే ఆమె పేర వసియ్యతు చెల్లుతుంది. ఇతరుల అంగీకారం లేకుండా వారసులకు వసియ్యతు చెల్లదు. వారసులు కానివారికి మూడవ వంతు లోపల చెల్లుతుంది.

బతికి ఉండగా "ఇచ్చాను, తీసుకో" అని చేతికి అప్పగించి ఉంటే అది హిబా, అనగా బహుమానం. స్వాధీనం కానిదే హిబా పూర్తి కాదు. గ్లాసులు చివరిదాకా దాదీమా అలమరలోనే ఉన్నాయి కనుక ఇది హిబా కాదు. కాని ఆమె అన్నది "నేను పోయాక ఇవి నీవే" అని. అది స్పష్టంగా వసియ్యతు మాట. ఆ మాట పలుమార్లు విన్నామని ముగ్గురు వారసులూ ఒప్పుకుంటున్నట్లు ఉత్తరంలో ఉన్నది. ఇల్లు, తోటల ముందు ఏడు గ్లాసుల విలువ మూడవ వంతుకు దరిదాపుల్లోకి కూడా రాదు. దాదీమాకు అప్పులు లేవని రాశారు. కాబట్టి పంపకానికి ముందే ఆ గ్లాసులను మనవరాలికి అప్పగించడం వారసుల బాధ్యత. ముద్దుకు అన్న మాట అని తీసివేయడానికి వీలులేదు. తల్లి చివరి కోరిక వస్తువు వెలను బట్టి బరువెక్కదు, తేలికపడదు.

చాచా గారితో ఒక మాట. మీ కష్టం మాకు అర్థమవుతున్నది. కాపు లేని ఏడు మామిడి రైతు ఇంట్లో దీపం ఎలా వెలుగుతుందో ఈ ప్రాంతంలో ఉండే మాకు తెలియనిది కాదు. అయితే ఆ అప్పు మీది, మీ అమ్మగారిది కాదు. దానిని ఆమె వసియ్యతు నుంచి తీర్చలేము. మీకు రావలసిన ఐదింట రెండు వంతుల భాగాన్ని ఆలస్యం చేయకుండా పంచుకుంటే అదే మీకు నిజమైన ఊరట.

సోదరీ! మీతోనూ ఒక మాట. హక్కు మీదని తేలింది. ఇప్పుడు ఆ గ్లాసులకు తాళం వేసి, చాచా పిల్లలకు కనబడకుండా దాచితే దాదీమా సేకరణ మీకు దక్కినట్లు కాదు. మీకు మనసు ఒప్పితే ఒక ఎర్ర గ్లాసును ఫూఫీకి, ఒక నీలం గ్లాసును చాచా ఇంటికి మీ చేతులతో ఇవ్వండి. ఇది మీ మీద విధి కాదు, బంధుత్వాన్ని కలిపి ఉంచే మంచిపని. లేదా ఒకటి రెండు మంచి వెలకు అమ్మి, ఆ సొమ్మును కష్టంలో ఉన్న చాచాకు సాయంగా ఇచ్చినా ఆక్షేపణ లేదు. ఆ నిర్ణయం మీది, మరెవరిదీ కాదు. మిగిలినవాటిలో వచ్చే రమజానుకు షర్బతు పోయండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి అలమరలో ఉంచండి. కథ తెలియని వస్తువే ముందుగా అంగడికి చేరుతుంది.

పాఠకులలోని పెద్దలకు మా విన్నపం. మీ ఇంట్లోనూ ఇటువంటి గ్లాసో, పాన్‌దానో, పింగాణీ పళ్లెమో ఉండవచ్చు. ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో వారికి మీ ప్రాణం ఉండగానే పిలిచి చేతికి ఇవ్వండి. అప్పుడే ఇవ్వడం కుదరకపోతే కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట చదివి వినిపించండి. పిల్లల మధ్య పక్షపాతం చూపకండి. ముద్దుగా అన్న మాట అన్నవారికి తీపి, దానిని రుజువు చేసుకోవలసి వచ్చినవారికి చేదు. గ్లాసు పగిలితే ముక్కలు ఎత్తి పారేయగలము. దాని కోసం అన్నదమ్ముల మాటలు ఆగిపోతే అతకడం ఎవరికీ సులభం కాదు.

మన దగ్గర ఉన్నవన్నీ కొద్దికాలపు అప్పగింతలే. వాటిని ఎరిగి వాడుకుని, సవ్యంగా తరువాతి చేతికి అందించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆ దాదీమాను మన్నించి, ఆమె తీర్చిన ప్రతి దాహానికీ పుణ్యఫలాన్ని ఇచ్చుగాక. ఆమీన్.